బహుమతి వదులుకున్న నివేదిక

ఆ నగరపాలక కార్యాలయంలో నివేదికలు చదివే పాపాన ఎవరూ పోరు. బహుమతి వచ్చినవాటిని మాత్రం నెత్తిన పెట్టుకుంటారు. అందుకే పరిశోధకురాలు తన నివేదికను ఉత్తమ పరిశోధన పోటీకి పంపింది. ఎనిమిది నెలలు గడియారం పట్టుకుని అంబులెన్సుల వెంట తిరిగి రాసింది మరి! నగరపాలక సభ అనుకుంటున్నట్టు కొండవార్డులో అంబులెన్సు కేంద్రం ఎత్తేస్తే, పక్క కేంద్రం నుంచి బండి రావడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. ఆమె అక్క ఉండేది ఆ వార్డులోనే. అక్క కూతురికి ఉబ్బసం. ఊపిరాడకపోతే పది నిమిషాలు కూడా ఓర్చుకోలేదు.

పోటీకి వెళ్లిన నివేదికకు సీలు వేస్తారు. ఫలితాలు ప్రకటించేదాకా ఎవరికీ చూపించకూడదు. కేంద్రం ఎత్తేయడం మీద ఓటింగు ఆ తర్వాతే కదా అని ఆమె ధీమాగా ఉంది. ఓటింగు ఇవాళ నాలుగింటికే అని తెలిసేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

పోటీ చూసే గుమాస్తా దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, నా నివేదిక ఇచ్చెయ్."

"పిచ్చా నీకు? చెప్పకూడదు గానీ, ఫస్టు ప్రైజు నీదేనమ్మా. మూడు వారాలు ఓపిక పట్టు."

"మూడు వారాల తర్వాత ఆ బోడి ప్రైజు ఏం చేసుకోను?"

"వెనక్కి తీసుకుంటే నీ పేరు కొట్టేస్తారు. అసలు పంపనట్టే లెక్క."

వెనక్కి తీసుకునే కాగితం మీద సంతకం పెట్టింది. ఏడుపొచ్చింది, ఎందుకు రాదు?

సభలో అధ్యక్షుడు ఆ నివేదిక రెండు పేజీలు తిరగేశాడు. "దీనికి బహుమతేమైనా వచ్చిందా?"

కార్యదర్శి జాబితా చూశాడు. "పోటీలోనే లేదండీ."

"మొదటి బహుమతే వచ్చేదండీ," అంది ఆమె. " మీకు చూపించాలని నేనే వెనక్కి తీసుకున్నాను."

"ఫస్టు ప్రైజు ఎవరైనా వదులుకుంటారా తల్లీ?"

సభంతా నవ్వింది. ఆమె ఇరవై రెండు నిమిషాల లెక్క గట్టిగా చదువుతూనే ఉంది. చేతులు ఒక్కొక్కటే లేచాయి. కేంద్రం ఎత్తేశారు.

వరండాలోకి వచ్చి అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, ఇల్లు మారిపో. పాపని తీసుకుని తోటవీధికి వెళ్లిపో. అక్కడికి బండి ఆరు నిమిషాల్లో వస్తుంది."



"మేం పోతాం సరే," అంది అక్క, "పక్కింట్లో వాళ్లకి ఏం చెప్పనే?"