మన్సూరా ఇచ్చిన కళ్ళు

శివమ్మ ఎడమ కన్ను తెరుచుకుంది. ఇక కుడిది మిగిలింది. సిరాజ్ మౌసును నెమ్మదిగా జరుపుతూ, మూసిన రెప్పను కొంచెం కొంచెంగా చెరిపి, అక్కడ కంటిపాపను అతికిస్తున్నాడు. మెదక్‌లో రత్నాకర్ ఫోటో స్టూడియోలో పంతొమ్మిదేళ్ళుగా అతని పని ఇదే, మనిషి పోయాక తీసిన ఫోటోలకు కళ్ళు తెరిపించడం. వంగిపోయిన వీపు, చెమటకు మెడకంటుకున్న కాలరు, స్క్రీను వెలుగుకు ఎర్రబడ్డ కళ్ళు. పెళ్ళి ఆల్బం చేసేవాడికైతే పిలిచి బిర్యానీ పెడతారు. ఇతన్ని ఎవరు పిలుస్తారు, పాపం!

బల్లకు అవతల శివమ్మ భర్త ఎల్లం కూర్చున్నాడు, ఎల్దుర్తి నుంచి పొద్దున్నే వచ్చి. బతికుండగా ఆమె దిగింది ఆధార్ ఫోటో ఒక్కటే, అదీ మసక.

"రేపే దినాలు, భాయ్. జర నన్ను జూస్తున్నట్టు చెయ్యి."

"చేస్త కాకా, ఫికర్ వెట్టుకోకు."

అతికిస్తున్న కళ్ళు సిరాజ్ భార్య మన్సూరావి. ఫోటో అంటే ఆమడ దూరం పోయే మనిషి ఆమె. అయినా ఒకనాడు, కొడుకు పోయిన తల్లి ఎవరో స్టూడియో మెట్ల మీద ఏడుస్తుంటే చూడలేకపోయింది. "నా కండ్లు దీస్కో. గా తల్లిని కొడుకు ఒక్కపారన్న జూస్తడు," అని కళ్ళ వరకే తీయించుకుంది. మరుసటేడు జ్వరమొచ్చి పోయింది. సిరాజ్‌కు ఆమె బొమ్మంటూ మిగిలింది ఆ రెండు కళ్ళే. మగవాళ్ళకు సుర్మా కాటుక చెరిపి, ముసలివాళ్ళకు కాసిన్ని ముడతలు పెట్టి, అందరికీ అవే ఇచ్చాడు. ఊళ్ళో ఎన్నో గోడల మీంచి మన్సూరా చూస్తోందనుకుంటేనే అతనికి రాత్రి నిద్ర పట్టేది.

స్టూడియో యజమాని రత్నాకర్ ఫోను ఊపుకుంటూ వచ్చాడు.

"రికార్డు బద్దలైంది భాయ్! ఊర్ల పీనుగులన్నిటికి ఒక్కటే కండ్లని కథ రాసి, గా కండ్ల ఫోటోను ఆన్‌లైన్ల డిజిటల్ బొమ్మ లెక్క అమ్మకానికి వెట్టిన. గీ బజార్ల ఇంత ధర ఏ బొమ్మకు పలుకలేదంట!"

సిరాజ్ చెయ్యి ఆగిపోయింది. "నా మన్సూరా కండ్లు అమ్మిండ్రా సేటు? నన్నొక్క మాటన్న అడగలే."

"కండ్లే గదా, మొఖం లేదాయె. కాపీలు మన తాన ఎన్నన్న ఉంటయ్. అసలు మాత్రం కొన్నోనిదే."

"ఎవలు కొన్నరు?"

"గా బజార్ల పేర్లుండయ్ భాయ్." మిఠాయి తెస్తానని వెళ్ళిపోయాడు.

సిరాజ్ స్క్రీను వైపు తిరిగాడు. శివమ్మ రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాయి. మళ్ళీ అతికించాడు. మళ్ళీ మూసుకున్నాయి. మన్సూరా అసలు ఫైలు తెరిచాడు. అందులోనూ రెప్పలు వాలి ఉన్నాయి. అలాంటి ఫోటో అతను ఎన్నడూ తీయలేదు.

పక్క వీధి లలితమ్మ, పోయిన భర్త ఫోటో ఫ్రేము చంకన పెట్టుకుని వగరుస్తూ వచ్చింది.

"ఆరేండ్లు నన్నే జూసుకుంట ఉండె మా ఆయన. ఇప్పుడే, నేను బియ్యం గడుగుతుంటే, కండ్లు మూసిండు భాయ్! ఎదురింటి ముసలామె ఫోటో గూడ గట్లనే అయింది."

సిరాజ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. తొమ్మిదేళ్ళ కింద పోయిన మనిషి ఇవ్వాళ మళ్ళీ పోయింది, అదీ ఊరి గోడలన్నిటి మీంచీ ఒక్కసారే.

"అయిందా భాయ్?" అన్నాడు ఎల్లం, గొంతు నిండా ఆశతో. "ఒక్క నిమిషం కాకా," అన్నాడు సిరాజ్. కెమెరా తన వైపు తిప్పుకుని తన కళ్ళే తీసుకున్నాడు. వాటినే శివమ్మకు పెట్టాడు. ఈసారి మూసుకోలేదు.

"అయ్యో, నన్నే జూస్తున్నదే!" అంటూ ఎల్లం ఫోటోను గుండెకు హత్తుకుని వెళ్ళాడు. లలితమ్మ భర్తకూ సిరాజ్ అవే పెట్టి పంపాడు. అప్పటికే అతనికి చూపు మసకబారి, స్క్రీను మీది అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. తడుముకుంటూ మన్సూరా ఫైలును ఒక ప్రింటు కొట్టి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

రత్నాకర్ మిఠాయి డబ్బాతో వచ్చి భుజం తట్టాడు. సిరాజ్ ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. ఇక దవాఖానాకు ఉరికీ లాభం లేదు.

ప్రింటరు ట్రేలో ఫోటో ఒకటి మిగిలి ఉంది. అందులో మన్సూరా కళ్ళు బాగా తెరుచుకుని ఉన్నాయి, రత్నాకర్ దాన్ని ఎటు తిప్పి పట్టుకున్నా అవి కుర్చీ వైపే చూస్తున్నాయి.