పోస్టల్ ఓటు

పొద్దున ఐదింటికల్లా వంట ముగించి మూతలు పెట్టాను. ఎన్నికల డ్యూటీకి పోతున్నది నేను. "నువ్వు రాత్రి దాక రాకపోతే మా గతేంది?" అన్నాడు మా ఆయన సత్యనారాయణ, పక్క మీద నుంచి లేవకుండానే. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే ఉప్పుగూడ నుంచి దబీర్‌పురా దాకా నడిచాను.

మాది ఆడవాళ్ల బూత్. తెర వెనక బురఖా తీయించి ముఖం చూసి, వేలికి సిరా పెట్టడం నా పని. మున్సిపల్ ఎన్నికలు చాలా ఏళ్లకు జరుగుతున్నాయేమో, లైను రోడ్డు దాకా ఉంది. పదకొండింటికి విదేశీ పరిశీలకులు ముగ్గురు వచ్చారు. మా ప్రిసైడింగ్ ఆఫీసరు విఠల్‌రావు గారు గదిలో ఉన్న ఇద్దరు మగ గుమాస్తాలను దాటి నన్ను చూశారు. "గోదమ్మా, జర చాయ్ సంగతి చూడు." నలభై మందిని నిలబెట్టి లేచాను. ఇంట్లో లేచినట్టే.

చాయ్ తెచ్చేసరికి ఆ ముగ్గురిలోని తెల్లజుట్టు ఆవిడ, ఇక్కడ ఆడవాళ్లు సొంత ఇష్టంతోనే ఓటేస్తారా అని విఠల్‌రావు గారిని అడుగుతోంది. నన్ను చూసి "మరి మీరు?" అంది. నేను నోరు తెరిచేలోపే విఠల్‌రావు గారు ఇంగ్లీషులో, "ఆమె పోస్టల్ ఓటు వేసేసింది, చాలా సంతోషంగా ఉంది" అన్నారు.

పదేళ్లుగా బడిలో నేను చెప్పేది ఇంగ్లీషే. ఆ సంగతి ఆయనకు తెలియదు, అడగలేదు. డ్యూటీ పడ్డవాళ్లకిచ్చే ఆ పోస్టల్ ఓటు కాగితం పోయిన వారం ఇంటికి వచ్చింది. మా ఆయన కాగితం మీద వేలు పెట్టి, "ఈడ సంతకం చెయ్యి, మిగతాది నేను చూసుకుంట, నీకెందుకు ఫికర్" అన్నాడు. "వాడు వేస్తే నువ్వు వేసినట్టు కాదా?" అంది మా అత్త శారదమ్మ. పొయ్యి మీద పాలు పొంగుతుంటే సంతకం గీకి పరుగెత్తాను. కోపం కూడా రాలేదు. కోపానికి కాస్త తీరిక కావాలి.

"నేను వెయ్యలేదు," అన్నాను ఇంగ్లీషులో. "మా ఆయన వేశాడు. సంతకం మాత్రం నాది."

ఆవిడ నా ముఖంలోకి చూసి, "రాసుకోనా?" అంది. రాసుకోమన్నాను.

వాళ్లు వెళ్లాక విఠల్‌రావు గారు, "బయటోళ్ల ముంగట ఇజ్జత్ తీసినవ్ గదమ్మా" అన్నారు.

"ఉన్నదే చెప్పిన సార్," అని సిరా పుల్ల అందుకున్నాను.

ఇల్లు చేరేసరికి కాళ్లు లాగేస్తున్నాయి. గడపలోనే కూలబడి, జరిగిందంతా మా ఆయనకు చెప్పాను. "నా ఓటు ఎవరికేసిండ్రు?" అని అడిగాను.

"మన గల్లీ లీడర్ బుచ్చయ్య చెప్పినోనికి. పేరు యాదికి లేదు. ఎవరైతే ఏంది?"

"వచ్చేసారి డ్యూటీ వద్దని రాసిస్త. లైన్ల నిలబడి నేనే వేసుకుంట."

"ఎవరికి?" అన్నాడు.

పన్నెండేళ్ల కాపురంలో ఆయన అడిగినా నేను జవాబు చెప్పని మొదటి ప్రశ్న అది.