నిమ్మకాయ వాంగ్మూలం

నేను చెప్పినవన్నీ నిజాలే అయితే ఆళ్లగడ్డలో ఈపాటికి రెండు సముద్రాలు, ఒక అగ్నిపర్వతం ఉండాలి. అయినా జనం నా బంకు దగ్గర నిలబడి వింటారు. వాయిదాకు వచ్చినవాళ్లకు పొద్దు పోవద్దా మరి! మా కోర్టు అప్పట్లో ఒక ఎరువుల దుకాణం పైన, అద్దె మిద్దెలో నడిచేది. దాని మెట్ల కిందే నా బంకు. తెల్లకాగితాలు, సోడాలు అమ్మేవాణ్ని. ఐదో తరగతి దాకా చదివిన గొప్పతనం కొద్దీ అడిగినవాళ్లకు అర్జీలూ రాసిపెట్టేవాణ్ని.

ఆ మెట్లు ఇరవై ఆరు. నేను చెప్పడం లేదు, ఏసమ్మ చెప్పింది కాబట్టి నమ్మవచ్చు. పదకొండేళ్లు ఎక్కి దిగింది. ఆమె భర్త ఏసయ్య పోయాక, మూడెకరాల చేను తనదేనని మరిది దావా వేశాడు. ఏసయ్య ఆ చేను ఏనాడూ దున్నలేదని అతని వాదన. దున్నగా కళ్లారా చూసినవాళ్లలో బతికున్నది గట్టు పక్క చేనువాణ్ని, నేనొక్కణ్నే.

"నువ్వు సాక్ష్యం చెప్పేదాకా నా మోకాళ్లు ఉంటాయో లేదో ఆదిశేషన్నా," అనేది ఆరో మెట్టు మీద కూలబడి.

"నాకంటే అవే గట్టివిలే. నేను పోయినా అవి బోనెక్కి చెప్తాయి," అనేవాణ్ని.

తమాషాకు అన్నా, మోకాళ్లు నిజంగానే మొండికేశాయి. ఎక్కలేక రెండు వాయిదాలకు రాలేదు. సరిగ్గా అప్పుడే కొత్త కోర్టుకు ప్రభుత్వం అనుమతిచ్చిందని, నిధులు కూడా మంజూరయ్యాయని కబురొచ్చింది. హాళ్లన్నీ నేలమీదే, మెట్ల బదులు వాలుబాట. ఒకటే షరతు: మార్చి నెలాఖరులోగా పని మొదలుకాకపోతే నిధులు వెనక్కి పోతాయి.

స్థలం చూడడానికి నంద్యాల నుంచి ఇంజనీరమ్మ దివ్యశ్రీ వచ్చింది. గుంటూరు వైపు పిల్ల. స్థలం పూర్వాపరాలు తెలిసిన పెద్దమనిషి చేత ఒక వాంగ్మూలం రాయించుకోవడం వాళ్ల పద్ధతి. అందరూ నన్ను ముందుకు తోశారు.

"ఇక్కడ పూర్వం ఏముండేదండీ, తాతగారూ?"

నిజానికి ఏమీ లేదు. నల్లరేగడి, నాలుగు తుమ్మచెట్లు. కానీ చుట్టూ పదిమంది చెవులు రిక్కించి నిలబడితే 'ఏమీ లేదు' అని ఎట్లా చెప్పేది?

"బావి ఉండె తల్లీ. అడుగు లేని బావి. మా నాయన దాంట్లో నిమ్మకాయ ఏస్తే మూడోనాటికి మహానంది కోనేట్లో తేలింది. అదే కాయని ఎట్లా తెలిసిందంటావా? దానికి మా నాయన పంటిగాటు ఉండె."

అందరూ నవ్వారు. నేను 'మా నాయన' అన్నానంటే అక్కణ్నుంచి కోతలు మొదలయ్యాయని మా ఊళ్లో అందరికీ తెలుసు. గుంటూరు పిల్లకు ఎట్లా తెలుస్తుంది? పొల్లుపోకుండా రాసుకుంది, చదివి వినిపించింది. నా కథ సర్కారు కాగితం మీదికెక్కిందన్న సంబరంలో నేను వంకర్లు తిప్పి మరీ సంతకం పెట్టాను.

మార్చి తొమ్మిదో తేదీన నంద్యాల నుంచి కాగితం వచ్చింది. స్థలం కింద పూడిన బావి, నీటి ప్రవాహం ఉన్నట్టు స్థానికుడే చెప్పినందున, పూర్తి పరీక్షలు ముగిసేదాకా పని ఆపవలెనట. ఆ పరీక్షలకు రెండు నెలలు పడుతుందట.

ఏసమ్మ బంకు దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కోర్టు పోయినట్లేనా అన్నా?"

సోడా కొట్టి ఆమె చేతికిచ్చి, మెట్లు దిగివస్తున్న లాయరమ్మను కేకేశాను.

ఏసమ్మ లాయరు శ్రీవాణే ఒక దారి చెప్పింది. "నువ్వే నంద్యాలకు పోయి, అదంతా అబద్ధమని ప్రమాణం చేసి రాసియ్యాల. కానీ పెద్దాయనా, ఆ కాయితం అవతలి లాయరు చేతిలో పడకుండా ఉండదు. సాక్షే అబద్ధాలకోరని తేలితే ఏసమ్మ కేసులో ఇంకేం మిగులుతాది?"

నేను ఏసమ్మ వైపు తిరిగాను. "నువ్వే చెప్పు. కోర్టు కావాల్నా, సాక్షి కావాల్నా?"

ఆమె మెట్ల వైపు చూసింది.

"నా మొగుడు దున్నింది నువ్వు చూసినావా, లేదా?"

"చూసినా."

"అయితే పో. నేనెక్కలేని కోర్టులో చెప్తే ఆ మాట నేనెట్ల వింటా?"

మర్నాడు పొద్దున బస్సెక్కాను. దివ్యశ్రీ నన్ను చూసి నవ్వలేదు.

"అప్పుడు నిజమన్నారు, ఇప్పుడు అబద్ధమంటున్నారు. ఏది నమ్మమంటారండీ?"

"నన్ను నమ్మొద్దు తల్లీ. నాలుగు గుంతలు తవ్వించి చూడు, ఒక్క పూట పని. చూసినాక నమ్ముదువు."

కాగితం ఇచ్చింది. రాయడం మొదలుపెట్టాను. 'నేను వినోదానికి కల్పించి చెప్పితిని. అక్కడ బావి లేదు. మా నాయన నిమ్మకాయ వేయలేదు.' అక్కడ కలం ఆగింది. ఆ కథ నాది కాదు. నాకు ఆరేళ్లప్పుడు మహానందికి నడిచిపోతూ, నేను కాళ్లనొప్పులని ఏడిస్తే, నన్ను భుజానెత్తుకుని మా నాయన చెప్పిన కథ. కోనేరు చేరిందాకా ఆ నిమ్మకాయ కోసమే వెతుకుతూ పోయాను. అరవై ఎనిమిదేళ్లుగా మోస్తున్న దాన్ని ఒక్క వాక్యంతో కింద పెట్టేశాను. ఈసారి సంతకంలో వంకర్లు తిప్పలేదు.

రెండు రోజులకు గుంతలు తవ్వారు. రేగడి, దాని కింద సుద్ద, దాని కింద బండ. చుక్క నీరు లేదు. నేను నాలుగో గుంతలోకి కూడా వంగి చూశాను.

"ఏందన్నా, నిమ్మకాయ కోసం చూస్తాండావా?" అంది వెనకనుంచి ఏసమ్మ.

నెలాఖరుకు మూడు రోజులుందనగా పని మొదలైంది.

కట్టడానికి రెండేళ్లు పట్టింది. పోయిన నెలలో ఏసమ్మ ఆ వాలుబాట మీదుగా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి నడిచింది. నేను బోనెక్కాను. మరిది తరఫు లాయరు జయంత్ నంద్యాల కాగితం తీసి ఊపాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"అబద్ధం చెప్పానని మీ చేత్తో మీరే రాశారు. అంటే మీరు అబద్ధాలకోరే కదా?"

"అవున్ సార్. అబద్ధం చెప్తే నేనే నంద్యాలకు బస్సెక్కి పొయ్యి అబద్ధమని రాసిచ్చొస్తా. ఏసయ్య దున్నినాడని పదమూడేండ్లుగా చెప్తాండా. దానికి ఇంతవరకూ బస్సెక్కలే."

జయంత్ కూర్చున్నాడు. జడ్జిగారు ఆ మాట నిదానంగా రాయించి, నా వైపు చూశారు. "ఏ ఎద్దులతో దున్నేవాడు?"

నాలుక దురద పెట్టింది. హాలు నిండా జనం. ఆ ఎద్దులను అహోబిలం కొండ ఎక్కించి దించగలను.

"ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. ఎర్రది కుంటేది. దానికోసరం నాగటిచాలు చివర ఆగి ఆగి తోలేవాడు."

"ఇంకేమైనా?"

"ఇంకేం లేదు సార్."

నా జన్మలో ఇంత చిన్న కథ చెప్పలేదు. తీర్పు వచ్చే నెలకు వేశారు.

బయటికొచ్చాక ఏసమ్మ వాలుబాట మధ్యలో ఆగిపోయింది. మోకాళ్లేమోననుకున్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఆ ఎర్రెద్దును మర్చేపోయినా అన్నా," అంది.