ముంపు కాలనీకి పేరు

రిజర్వాయరు నిండి రెండు ఊళ్లు మునిగాక, ఆ జనాన్నంతా నకరికల్లు దారిలో ఒకే కాలనీలో పెట్టారు. పెద్ద ఊరు కోటిరేవు, చిన్నది నల్లబండ. కాలనీని పంచాయతీ చేస్తున్నామనీ, ఏదో ఒక పేరు ఖాయం చేసుకోమనీ అధికారులు చెప్పడంతో గొడవ మొదలైంది.

నల్లబండ పేరు కోసం బాలశౌరి ఇల్లిల్లూ తిరిగాడు. భార్య గ్రేసమ్మ సమాధి నీళ్ల అడుగున ఉంది. ఊరి పేరు కూడా పోతే ఆమె ఎక్కడుందని మనవలకు చెప్పాలో అతనికి తోచలేదు.

సభలో చేతులెత్తమన్నారు. కోటిరేవు వాళ్లే ఎక్కువ. అప్పుడు వాళ్లలోంచే దర్జీ అబ్దుల్ మజీద్ లేచాడు.

"మన ఊరి మెరక ఇంకా నీళ్లపైనే ఉంది. పోయి మిరప వేసుకుంటన్నాం. వాళ్లకి రాయి కూడా మిగల్లా. పేరన్నా వాళ్లది పెట్టండి."

"ఏంది, ఎవరి తరఫున మాట్లాడతన్నావు?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు. చివరికి కోటిరేవు పేరే ఖాయమైంది.

ఆ తర్వాత మజీద్ కొట్టుకు జాకెట్లు రావడం తగ్గింది. కోటిరేవు ఆడవాళ్లు అంతకుముందు ఇచ్చిన బట్టలు కూడా వెనక్కి పట్టుకెళ్లారు. నల్లబండ వాళ్లు తెచ్చే పనితో ఇల్లు గడవదు. రంజాన్‌కీ గిరాకీ లేకపోయేసరికి అతను చిలకలూరిపేటలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు.

సంగతి తెలిసి బాలశౌరి గబగబా వెళ్లాడు. మజీద్ కుట్టుమిషన్‌ను ఆటోలోకి ఎక్కిస్తున్నాడు.

"నేనడిగానా బావా నిన్ను మాట్లాడమని?" బాలశౌరి గొంతులో కోపమే ఎక్కువగా ఉంది.

"నువ్వడగలా. నాకే ఊరికే కూర్చోబుద్ధి కాలా."

"ఇప్పుడు నీ ఉసురు నాకు తగులుద్ది."

"ఊరుకో శౌరీ. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాడు. దింపేటప్పుడూ ఇంకో మనిషి కావాలి గదాని తనూ ఆటో ఎక్కాడు.

రోడ్డు మలుపులో కొత్త బోర్డు కడుతున్నారు. ఆటోను చూసి కోటిరేవు మగాళ్లు నిచ్చెన పక్కకు జరిపారు గానీ, ఒక్కరూ పలకరించలేదు. మజీద్ తల తిప్పి బోర్డు చదువుకున్నాడు. అది అతని ఊరి పేరే.

చిలకలూరిపేటలో మిషన్ దింపుతుంటే ఇంటి ఓనరమ్మ వచ్చి, "ఏ ఊరు మీది?" అని అడిగింది. మజీద్ వంగి మిషన్ కాళ్లు సర్దసాగాడు.

"కోటిరేవండి," అని బాలశౌరే చెప్పాడు.

తన నోటితోనే ఆ పేరు చెప్పినందుకు, తిరుగు బస్సులో కాలనీకి వచ్చేదాకా అతని మనసు మనసులో లేదు.