గుమ్మం దాకా

మా వ్యాన్ పక్కన ఎర్రటి అక్షరాలతో "గుమ్మం దాకా మేమున్నాం" అని రాయించింది మా ఆవిడ. అంత గొప్పలు వద్దే అన్నాను. "అందరూ రోడ్డు దాకానే వస్తారు. మనం గుమ్మం దాకా వెళ్దాం, ఏం పోతుంది?" అంది. ఏం పోతుందో ఆరో వారంలో తెలిసింది.

పాతికేళ్లు సిటీ బస్సు నడిపి, నడుం మొరాయించాక మానేసి, చక్రాల కుర్చీ ఎక్కే పలక ఉన్న ఈ బండి కొన్నాను. ప్రభుత్వ బీమా ఉన్న రోగుల్ని ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చడం మా పని. మాది అంబులెన్సు కాదు. సైరన్ లేదు, ప్రాణం మీదికొచ్చినవాళ్లు ఎక్కరు. డయాలసిస్‌కీ, కట్లు మార్పించుకోవడానికీ వెళ్లేవాళ్లే ఎక్కుతారు. బీమా ఆఫీసు రోజూ మధ్యాహ్నం మర్నాటి జాబితా పంపుతుంది. మా ఆవిడ దాన్ని వంటగది బల్ల మీద పరుచుకుని పెన్సిల్‌తో నా దారంతా గీస్తుంది. బస్సు నడిపినన్నాళ్లూ ఎవరి మాటా వినని నాకు చివరికి ఇంట్లోనే డిపో మేనేజరు తగులుకుంది.

సోమ, బుధ, శుక్రవారాల్లో జాబితాలో మొదటి మనిషి డయాలసిస్‌కి వెళ్లే ఓ పెద్దావిడ. లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. నీలం స్వెట్టరు, చేతికర్ర. మొదటి రోజు పైదాకా ఎక్కి, చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ దించుకొచ్చాను. "నీ బండి మీద రాసింది అబద్ధం కాదన్నమాట నాయనా" అంది. ఆ మాటకి ఉబ్బి తబ్బిబ్బయ్యాను. మూడో వారానికి ట్రిప్పులు పెరిగాయి. నేను మెట్లెక్కడం మానేసి కింద నుంచే హారన్ కొట్టడం మొదలుపెట్టాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు.

ఈ పనిలో ఓ నియమం ఉంది. చెప్పిన టైముకి వెళ్లి ఫోనులో 'వచ్చాను' అని నొక్కాలి. అప్పట్నుంచి పదిహేను నిమిషాలు ఆగాలి. అప్పటికీ మనిషి రాకపోతే మూసి ఉన్న తలుపు ఫోటో తీసి 'రాలేదు' అని నొక్కి వెళ్లిపోవచ్చు. ఒక రోగికి మూడు 'రాలేదు'లు పడితే నెల రోజులు బండి బంద్. మాకైతే మూడు ఆలస్యాలు పడితే కాంట్రాక్టే హుళక్కి. అందుకే డ్రైవర్లందరం ఓ చిన్న దొంగపని చేస్తాం. వీధి మలుపులో ఉండగానే 'వచ్చాను' నొక్కేస్తాం. అందరూ చేసేదేగా అని నేనూ నేర్చుకున్నాను.

ఆ బుధవారం నాకప్పటికే రెండు ఆలస్యాలున్నాయి. మలుపులోనే నొక్కాను. అక్కడ చెత్త లారీ అడ్డంగా ఆగి ఉంది. దాన్ని దాటి పెద్దావిడ ఇంటి వీధి తలుపు ముందుకి బండి చేరేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. హారన్ కొట్టాను. ఆ తర్వాతి ట్రిప్పు ఊరికి ఆ చివర. ఫోను పదిహేను చూపించేటప్పటికి నేను నిజంగా ఆగింది పదకొండు నిమిషాలే. దిగి తలుపు ఫోటో తీశాను. అది గరుకు అద్దం తలుపు. ఫోటో తీస్తుంటే లోపల మెట్ల మీద కర్ర చప్పుడు, టక్, టక్, వినపడింది. ఇంకెవరో అయ్యుంటారని నాకు నేనే చెప్పుకున్నాను. 'రాలేదు' నొక్కి బండి తీశాను.

మర్నాడు వచ్చిన శుక్రవారం జాబితాలో పెద్దావిడ లేదు. మా ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది. అంతకుముందు వేరే బండివాళ్లు రెండు 'రాలేదు'లు వేశారట, నాది మూడోది. ఆమె ఫోను పెట్టేసి నా ఫోటోలు తెరిచింది.

"ఏవండీ, ఈ అద్దం వెనకాల నీలంగా ఉన్నదేంటి?"

"ఏదో నీడ."

"నీడ నీలంగా ఉంటుందా?"

మంచం మీద తడి తువ్వాలు పడేస్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఈసారి ఆ ఫోటో నా ముందు పెట్టి లేచి వెళ్లిపోయింది. సిగ్గేసింది. అయినా శుక్రవారమంతా ట్రిప్పులు తిప్పాను, తీరిక లేదని సాకు చెప్పుకుంటూ.

శనివారం పొద్దున పెద్దావిడ ఇంటికి వెళ్లాను. వీధి తలుపు తోసేసరికి ఆవిడ మెట్ల మధ్యలో కూర్చుని ఆయాసపడుతోంది. కింది వాటా ఆవిడ గోడగడియారం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పెద్దావిడ పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

"వచ్చావా నాయనా! చూడు, నిన్నట్నుంచి దిగడం ప్రాక్టీసు చేస్తున్నా. నిన్న పన్నెండు నిమిషాలు పట్టింది. ఇవాళ ఇందాక పదిన్నర నిమిషాల్లో దిగా, ఇది రెండోసారి. ఇక ఆలస్యం చెయ్యనని మీ ఆఫీసువాళ్లకి చెప్పవూ? నా వల్ల నీకేమన్నా మాట పడిందా?"

గడియారం పట్టుకున్నావిడ నావైపు చూస్తోంది. పారిపోదామనిపించింది.

"ఆలస్యం మీది కాదు పెద్దమ్మగారూ, నాది. రాకముందే వచ్చానని నొక్కాను. మీ కర్ర చప్పుడు విన్నాను. విని కూడా వెళ్లిపోయాను."

"విన్నావా?"

"విన్నాను."

"నేను తలుపు తీసేసరికి నీ బండి కదులుతోంది. కర్రెత్తి పిలిచాను కూడా. పాపం, చూసుకోలేదు కాబోలు అనుకున్నా."

బండి వెనక అద్దంలో ఆ కర్ర కూడా చూశానని చెప్పడానికి నోరు రాలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తాను రమ్మన్నాను. రాదేమో అనుకున్నాను.

"వస్తా. ఒంట్లో చేరిన నీళ్లకి నీ మీద కోపమని తెలీదుగా" అంది. చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. కమ్మీ పట్టుకుని తనే దిగింది. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగి అడిగింది.

"ఆఫీసుకి రాస్తావా?"

"రాస్తానండీ."

"విన్నావన్నది కూడా రాయి."

ఇంటికొచ్చి చెప్పాను. "రాస్తే కాంట్రాక్టు పోతుంది" అంది మా ఆవిడ. తెలుసన్నాను. కుర్చీ లాక్కుని, నేను చెబుతుంటే ఆమే రాసింది. విన్నానన్న దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది, తర్వాత అదీ రాసింది. కర్ర చూసిన సంగతి ఆమెకీ చెప్పలేదు.

పెద్దావిడకి బండి తిరిగొచ్చింది, వేరే కంపెనీది. మా కాంట్రాక్టు పోయింది. ఇప్పుడు ఇళ్లు మారేవాళ్ల మంచాలూ బీరువాలూ మోస్తున్నాను. బండి మీది అక్షరాలు గీకేస్తానంటే, "ఉండనివ్వండి, రోజూ ఎక్కేటప్పుడు చదువుకోండి" అంది మా ఆవిడ.

మొన్న సోమవారం బీరువా దింపి ఆ వీధిగుండా వస్తూ ఆగాను. పెద్దావిడ తలుపు బయట, చలిలో, స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, చేతిలో కర్ర. కింది వాటా ఆవిడ నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. "గంట ముందే దిగిపోతుందండీ. ఎంత చెప్పినా వినదు" అంది.

అంతలో మలుపులో కొత్త బండి కనిపించింది. అక్కడ ఉండగానే డ్రైవరు వేలితో ఫోను నొక్కడం చూశాను. బండి ఇంకా ఆగనే లేదు. పెద్దావిడ స్టూలు మీంచి లేచి, తూలి, నిలదొక్కుకుని, కర్ర పైకెత్తి ఊపుతూ అరుస్తోంది.

"ఉన్నాను బాబూ, ఉన్నాను! ఇక్కడే ఉన్నాను!"