గడప మీద కూర్చున్న నీడ

శాంతమ్మ రోజూ పొద్దున్నే వాకిలి అలికేది, హిరోషిమాను మాత్రం వదిలేసి. ఆమె మొగుడు దేవదాసు ఇంగ్లీషోళ్ల పటాలంలో జపానుకు పోయి, బాంబుకు కాలిన ఆ పట్నం ఫోటోలు ఓ రేకు పెట్టెలో తెచ్చుకున్నాడు. కోదాడ పక్క పల్లెలో, సగం వాకిట్లో, బంకమట్టితో ఆ పట్నాన్ని మళ్లీ కడుతున్నాడు. ఫోటోల్లో లేనిదాన్ని, అక్కడ పటాలం బట్టలుతికిన ముసలామె చెప్పిన మాటల్ని బట్టి కట్టేవాడు. ఆమె ఆవేళ ఊరవతల ఉండి బతికింది. బ్యాంకు మెట్ల మీద కూర్చున్న కూతురిది మాత్రం నీడ ఒక్కటే మిగిలింది.

మట్టి మెట్లు ఆరగానే ఆ నీడ వచ్చి వాటి మీద కూర్చుంది. ఎవరూ వింతపడలేదు. నిప్పు కోసం వచ్చే పక్కింటి పెంటమ్మ, "ఏం బిడ్డా, తిన్నవా?" అని పలకరించి, చిప్పలో నిప్పులు పట్టుకుపోయేది.

శాంతమ్మ పరేషాన్ వేరు. అది నలభై ఎనిమిది ఎండాకాలం. గుర్రాల మీద వచ్చే గుంపులు ఊళ్లకు ఊళ్లు తగలబెడుతున్నాయి. సూర్యాపేట దిక్కు ఆకాశం రోజూ పొగతో మసకబారుతోంది.

"జగ్గయ్యపేటల మా అమ్మోళ్లింటికి పోదాం నడువయ్యా. సరిహద్దు దాటితే బతుకుతం."

"ఇంకొక్క వాడ ఉన్నదే. అది ఖతం కానీ."

"కాలిన ఊరు కట్టుకుంట మన పిల్లను కాలవెడ్తవా?"

దేవదాసు ఇంకో మట్టి ముద్ద అందుకున్నాడు.

ఓ మధ్యాహ్నం ఆమె పిల్లను చంకనేసుకుని నీళ్ల కడవతో వచ్చేసరికి, నీడ తమ ఇంటి గడప మీద కూర్చుని ఉంది. కూర్చున్న మనిషిని దాటి పోవడం శాంతమ్మ పుట్టి బుద్ధెరిగి చేయలేదు.

"జర జరుగు బిడ్డా," అంది.

నీడ జరగలేదు. దేవదాసు చేతులు జోడించి అడిగాడు. అయినా జరగలేదు. పొయ్యి లోపల, గిన్నెలు లోపల, ఫోటోల పెట్టె లోపల. దేవదాసు ఖాళీగా ఉన్న మట్టి బ్యాంకు మెట్లను, తమ గడపను మార్చి మార్చి చూశాడు.

"పోదాం పా, శాంతా," అన్నాడు.

పెంటమ్మను కూడా రమ్మన్నారు. "గింత ఎండల యాడికి? మా ఇంట్ల ఇంత తినుండ్రి. ఆమె లేసినంక లోపలికి పోదురు," అందామె.

వాళ్లు సరిహద్దులో పాలేరు వాగు దాటుతుండగా వెనక పొగ లేచింది.

వానలు వెనకబట్టి, గుంపులు మాయమయ్యాక తిరిగొచ్చారు. ఊరు లేదు. మట్టి పట్నం గుర్రాల కాళ్ల కింద పొడైపోయింది. గడప రాయి మీద ఎవరూ లేరు. పెంటమ్మ ఇంట్లోనే కాలిపోయిందని చెప్పారు. శాంతమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది. పిల్ల బతికిందన్న సంతోషం ఒకపక్క, అలా సంతోషపడ్డందుకు సిగ్గు మరోపక్క.

దేవదాసు మళ్లీ మట్టి పిసికి కూర్చున్నాడు. ఈసారి తమ ఊరే. ఫోటోలు లేవు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక చూస్తుంటే, ఎన్నడూ ఆ మట్టి ముట్టని శాంతమ్మ కొంగు దోపుకుని పక్కన కూర్చుంది.

"పెంటమ్మది గీడ," అంది. "తలుపు మన దిక్కే ఉండె."