రెండో కొటేషన్

అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. ఒత్తులు తప్పుతాయి, ఒక పేజీకి ఒక పూట పడుతుంది. చదివేవాళ్లు మన్నించాలి. ఇది నా కథే అయినా ‘నేను’ అని మొదలుపెడితే కలం సాగలేదు. అందుకే ‘ఆమె’ అని రాస్తున్నాను.

బాలానగర్‌లో రవీందర్ షెడ్డుకూ బుల్లిబాబు షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. రేకులు వంచి, రాయదుర్గం ఆఫీసు టవర్లలో కరెంటు వైర్లు పరిచే ట్రేలు చేయడం ఇద్దరి పనీ. గాలి కంప్రెసర్ బుల్లిబాబుది. గోడకు కన్నం పెట్టి పైపు ఇటు కూడా లాగారు. టీ వచ్చిందంటే బుల్లిబాబు పానా తీసుకుని గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు.

రవీందర్ గుండెపోటుతో పోయాక షెడ్డు అతని భార్య కనకలక్ష్మి చేతికొచ్చింది. రేకు మందం వేళ్లతో తడిమి చెప్పగలదు గానీ కాగితం మీద ఏముందో ఆమెకు తెలియదు. ఆ పని బుల్లిబాబు చూసిపెట్టాడు. టవర్ల నిర్వహణ కంపెనీ ఏ పని ఇవ్వాలన్నా ఫైల్లో రెండు కొటేషన్లు ఉండాలి. “ఆ రెండోది కూడా మీరే పట్టుకురండి” అనేవాడు కొనుగోలు ఆఫీసరు. మొదట్లో రవీందర్, బుల్లిబాబు ఒకరిని మించి ఒకరు ధర తగ్గించుకుంటూ పోయి, పనివాళ్లకు జీతాలివ్వలేని స్థితికి వచ్చారు. అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక టవర్ ఇతనికి, తర్వాతది అతనికి. వంతు కానివాడు కావాలనే ఎక్కువ ధర రాసిస్తాడు. రవీందర్ పోయాక రెండు కాగితాలూ బుల్లిబాబే రాసి, ఒకదాని మీద ఆమెతో వేలిముద్ర వేయించేవాడు. ఆమె వంతు ఒక్కసారి కూడా తప్పించలేదు.

“ఎన్నాళ్లండీ చెల్లెమ్మా ఈ సిరా మరకలు? అక్షరాలు నేర్చుకోండి” అన్నాడొకరోజు.

“ఈ వయసుల నాకెందుకన్నా?”

“నేనేం రాస్తున్నానో మీకు తెలియొద్దూ? రేపు నేను మోసం చేస్తే?”

“నువ్వే మోసం జేస్తే, ఇగ నేను చదివి ఏం లాభం?” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

అయినా సాయంత్రం బడికి వెళ్లింది. పలక మీద మొదటిసారి తన పేరు రాసి అతనికే చూపించింది. తర్వాత రెండేళ్లపాటు కొటేషన్లు తనే చదివి, తనే సంతకం పెట్టింది.

ఎవరో ఫిర్యాదు చేశారు. వ్యాపారుల కుమ్మక్కులు విచారించే ఢిల్లీలోని పోటీ కమిషన్ నుంచి రెండు షెడ్లకూ ఒకేరోజు నోటీసులు వచ్చాయి. రాయదుర్గంలో ఉద్యోగం చేసే కూతురు హర్షిణి ఆమెను లాయర్ ఉదయ్ భాస్కర్ దగ్గరికి తీసుకెళ్లింది.

“ధరలు కూడబలుక్కోవడం తప్పండీ. ఒక దారుంది. ముందుగా వచ్చి ఉన్నదున్నట్టు చెప్పినవాళ్లకు జరిమానా పూర్తిగా పోవచ్చు. రెండోవాళ్లకు కొంతే తగ్గుతుంది” అన్నాడతను.

“ఇద్దరం కల్సిపోయి చెప్తే?”

“మీరు కలవడమే కదమ్మా కేసు. ముందు ఒక్కరే ఉండాలి. ఈ సంగతి ఆయనతో అనకూడదు కూడా.”

“అన్న ముందుగాల పోతే?”

“మీకు షెడ్డు మిగలదు.”

మర్నాడు గోడ మీద రెండు దెబ్బలు వినిపించాయి. ఆమె వెళ్లింది. బుల్లిబాబు తల ఎత్తకుండా టీ చల్లార్చుకుంటూ, “మీరేం బెంగపెట్టుకోకండి. నేను చూసుకుంటాను” అన్నాడు.

“చూసుకుంటా అన్నడంటేనే భయపడాలె అమ్మా. ఆయనకూ లాయర్ ఉంటడు, గిదే చెప్పి ఉంటడు” అంది హర్షిణి.

ఆమె రెండు రోజులు ఆగింది. మూడో రోజు లాయర్ దగ్గరికి వెళ్లింది. ఇంగ్లీషులో టైపు చేయిస్తానని లాయర్ అన్నా ఒప్పుకోలేదు. తన చేత్తోనే తెలుగులో నాలుగు పేజీలు రాసింది. రెండేళ్లుగా ప్రతి కాగితమూ చదివే సంతకం పెట్టానని రాసింది. అన్న చెడ్డవాడు కాడు, మా పనివాళ్లు పస్తులుండకూడదనే చేశాడని కూడా రాసింది. ఆ మాట అతన్ని కాపాడుతుందని నమ్మింది.

కొన్ని నెలల తర్వాత లాయర్ పిలిచి, బుల్లిబాబు ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించాడు. “రెండు కొటేషన్లూ నేనే రాశాను. ఆమెకు చదువు రాదు. నేను చూపించిన చోట సంతకం గీసింది, అంతే. ఏ శిక్ష వేసినా నాకే వేయండి.”

ఆమె ఆ కాగితం అడిగి తీసుకుని, వేలు పెట్టి మళ్లీ చదివింది. అవే మాటలు.

“ఇప్పుడు ఏమైతది సార్?”

“మీకేం లేదు. ఆయన చెప్పింది అబద్ధమని మీ రాతే చూపించింది. అసలు జరిమానాకు తోడు ఆ అబద్ధానికీ వేస్తారు.”

బల్ల మీద ఆమె నాలుగు పేజీల నకలు ఉంది. చదివే సంతకం పెట్టానన్న చోట ఎర్ర గీత ఉంది. అన్న చెడ్డవాడు కాడన్న చోట ఏ గీతా లేదు.

అటునుంచి అటే అతని షెడ్డుకు వెళ్లింది. బుల్లిబాబు కంప్రెసర్ విప్పుతున్నాడు, అమ్మేశాడట.

“అన్నా, జర నా మాటిను...”

“మీ కాగితం నకలు నాకూ ఇచ్చారండి. రాత గుండ్రంగా, బాగుంది” అన్నాడు. పైపు కొస పట్టుకుని మెల్లగా లాగాడు. అది కన్నంలోంచి ఆమె షెడ్డు వదిలి అవతలికి వచ్చేసింది. “ఏం రాశానో మీకు తెలియాలని నేనే అన్నాను. మీరేం రాశారో నేను అడగలేదు, అంతే.”

ఆమె షెడ్డుకు జరిమానా పడలేదు. కానీ తర్వాతి టవర్‌కు కొటేషన్ తీసుకెళ్తే, కొనుగోలు ఆఫీసరు వెనకా ముందూ తిప్పి చూసి, “రెండోది ఏదమ్మా?” అన్నాడు. పనులన్నీ ఏడాది ఒప్పందం మీద ఒక పెద్ద కంపెనీకి వెళ్లిపోయాయి. ధర అంతకుముందుకంటే ఎక్కువేనని హర్షిణి ఎక్కడో విని వచ్చి చెప్పింది.

తన షెడ్డుకు తాళం వేసిన రోజు ఆమె గోడ కన్నంలోంచి చూసింది. అవతల మెషిన్ల కింది నూనె మరకలు తప్ప ఏమీ లేవు. పానా తీసుకుని గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది. కాసేపు నిలబడి, పానాను గోడ పక్కనే పెట్టి వచ్చేసింది.

కనకలక్ష్మి, యాభై ఎనిమిదేళ్లు. ఇప్పుడు కూతురి దగ్గర, మూసాపేటలో.